పదకొండో రీలుకీ పన్నెండో రీలుకీ మధ్య

2003 వేసవిలో నన్ను శ్రీకాకుళం కలెక్టరేటు నుంచి టెక్కలి ఆర్డీవో కార్యాలయానికి డిప్యూటీ తహసీల్దారుగా బదిలీ చేశారు. చేరిన రోజే నాకు అప్పగించిన సెక్షన్లలో సినిమా సెక్షన్ ఒకటి. ఆ మాట వినగానే మా ఇంట్లోవాళ్లు పాసులు దొరుకుతాయని సంబరపడ్డారు. పాసుల సంగతి దేవుడెరుగు, నాకు దొరికింది రెండు బీరువాల నిండా ఫైళ్లు, వాటి నిండా దుమ్ము.

సినిమాహాలు నడపాలంటే సినిమా ఒక్కటీ ఉంటే చాలదు. ఫారం-బి అనే లైసెన్సు కావాలి. దానికి ముందు కరెంటు ఇన్‌స్పెక్టరు, అగ్నిమాపక శాఖ, ఆరోగ్య శాఖ ఒక్కొక్కరూ ఒక్కో కాగితం ఇవ్వాలి. రేకుల షెడ్లలో, డేరాల్లో నడిచే తాత్కాలిక హాళ్లకు లైసెన్సు ఇచ్చేది ఆర్డీవో గారు. తనిఖీ చేసి ‘ఇవ్వవచ్చును’ అనో ‘ఇవ్వరాదు’ అనో రాసేది నేను. రూలు పుస్తకమంటే నాకు మహా ఇష్టం. కరెంటు బిల్లు వెనకాల అచ్చేసిన నిబంధనలను కూడా ఈయన వదలరని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

జూలైలో ఒక అర్జీ వచ్చింది. రాసినవారు భావనపాడు వైపు తీరంలో ఒక జాలరి ఊళ్లో ఉంటున్న రిటైరు హెడ్మాస్టరు సింహాచలం గారు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, కారణం చదివితే మీకే తెలుస్తుంది. మేష్టారి ఇంటికీ ఊళ్లోని రేకుల హాలుకీ మధ్య కొబ్బరాకుల దడి ఒక్కటే అడ్డు. ఆ హాల్లో ఆడుతున్న ఒక తెలుగు సినిమాలో, ఒడ్డున ఒక ముసలావిడ ప్రభుత్వాధికారిని నిలదీసే దృశ్యాన్ని సెన్సారువారు తీసేశారని ఆయన పేపర్లో చదివారట. తీసేసిన ఆ దృశ్యాన్నే మ్యాట్నీలో మళ్లీ కలిపి ఆడిస్తున్నారని, అందులోని మాటలు మూడు మధ్యాహ్నాలు తన చెవులతో తాను విన్నానని ఫిర్యాదు. చేతిరాత ముత్యాల్లా ఉంది. కింద గీత కొట్టి ‘చట్టం అందరికీ సమానం’ అని కూడా రాశారు.

చదివేవారి కోసం రెండు మాటలు. ప్రతి సినిమా ప్రింటుతోపాటు హాలుకు సెన్సారు సర్టిఫికెట్ నకలు వస్తుంది. మొదటి భాగంలో సినిమా పేరు, రీళ్ల సంఖ్య, పొడవు ఉంటాయి. రెండో భాగంలో ఏ రీల్లో ఏది తీసేశారో, ఎన్ని మీటర్లు తీసేశారో ఉంటుంది. తీసిన ముక్కను హాలువాళ్లు మళ్లీ అతికిస్తే దాన్ని మా భాషలో ఇంటర్‌పోలేషన్ అంటారు. రుజువైతే లైసెన్సు రద్దు. మామూలుగా ఈ పని చేసేది బూతు బిట్ల కోసం. ముసలావిడ మాటల కోసం ఇంత సాహసం చేసినవాణ్ని నేను అంతకుముందు ఎరగను.

ఆర్డీవో గారు అర్జీ మీద ఎర్ర సిరాతో ఒక్క వాక్యం రాశారు: స్వయంగా విచారించి, నిజమైతే రద్దుకు ప్రతిపాదించండి. ఆ హాలు లైసెన్సు నెలాఖరుకు రెన్యువల్ కావాలి. అదే ఫైల్లో రెండో ప్రొజెక్టరు పెట్టుకోవడానికి హాలు యజమాని ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తు కూడా ఉంది. కూర్మారావు ఆయన పేరు. యజమానీ ఆయనే, ఆపరేటరూ ఆయనే. చిన్నప్పటినుంచి డేరా సినిమాల్లో రీళ్లు మోసి, ఆపరేటరు లైసెన్సు సంపాదించి, ఆ షెడ్డు వేసుకున్నాడు. ఇంటింటా వీసీడీ ప్లేయర్లు వచ్చాక ఆ తీరంలో మిగిలిన హాలు అదొక్కటే. లైసెన్సు ఒక్కసారి పోతే మళ్లీ తెరిచే ఓపిక ఆయనకు లేదని ఫైలు చదివితేనే తెలుస్తోంది.

ఒక ఉదయం జీపు వేసుకుని వెళ్లాను. హాలు వరండాలో ఒక ముసలమ్మ చేపల గంప దించుకుంటూ, “పక్కకి జరుగు బావూ, గంపెట్టుకోవాల” అని నన్ను కసిరింది. డిప్యూటీ తహసీల్దారునన్న సంగతి ఆవిడకు తెలియదనుకుని క్షమించాను.

ప్రింటు కొలిచే విద్య నాకు ఒక పాత ఆపరేటరు నేర్పాడు. రీలును మీటరున్న చుట్టుబల్ల మీద తిప్పుతూ పొడవు చూడాలి. అతుకు తగిలిన ప్రతిచోటా ఆగి, బల్బు ముందు పెట్టి, అది లేబొరేటరీ అతుకో చేతి అతుకో చూడాలి. సర్టిఫికెట్ రెండో భాగంలో ఇలా ఉంది: పన్నెండో రీలు, ఆరంభం, వృద్ధురాలికీ అధికారికీ మధ్య సంభాషణ మొత్తం తొలగించవలెను, 110 మీటర్లు. ఫిల్ము నిమిషానికి ఇరవయ్యేడు మీటర్ల చొప్పున నడుస్తుంది కాబట్టి అది నాలుగు నిమిషాల దృశ్యం. నేను పదకొండు, పన్నెండు రీళ్లను రెండేసిసార్లు కొలిచాను. సర్టిఫికెట్లోని పొడవుకు ఒక్క మీటరు కూడా తేడా లేదు. చేతి అతుకు ఒక్కటీ లేదు.

అక్కడితో ఊరుకుని ఉంటే మర్యాదగా ఉండేది. నాకు మాత్రం కోపం వచ్చింది. మేష్టారు అబద్ధమాడే మనిషి కాడు, కాబట్టి ఈ కూర్మారావే ఎక్కడో ముక్క దాచాడనుకున్నాను. ప్రొజెక్టరు ఉన్న కేబిన్ అంతా వెతికించాను. వెనక కొట్లో ఉన్న జీడిపిక్కల బస్తాలు దించించాను. చివరికి ఆయన ఇంట్లో ట్రంకుపెట్టె కూడా తీయించాను. ఆయన భార్య అన్నం కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఏమీ దొరకలేదు. అయినా విచారణ పూర్తయ్యేదాకా అని కేబిన్‌కు సీలు వేశాను.

కూర్మారావు చేతులు కట్టుకుని, “కొలిసినారు, ఎతికినారు. ఇంకేటి సూత్తారు బాబూ? నా కడుపు కోసి సూడండి, రీలు దొరికితే తీసుకెల్లిపోండి” అన్నాడు. నేను జీపెక్కాను. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రీల్లో లేకపోతే డిస్కులో ఉండాలి కదా అన్నది నా రెండో అనుమానం. ఆ రోజుల్లో పలాస-కాశీబుగ్గ బజారంతా చైనా సరుకే. టార్చిలైట్లు, గొడుగులు, రేడియోలు, వాటి పక్కనే వీసీడీలు. ఒక కొట్టు ముందు ఆగి ఆ సినిమా పేరు చెప్పాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, గిరాకీ అనుకున్నాడో ఏమో, బల్ల కింద నుంచి ఒక డిస్కు తీసి, “ఫుల్ ప్రింటండి, కట్టు నేదు” అన్నాడు. మాట నిజమో కాదో చూపించమంటే టీవీలో వేశాడు.

పదకొండో రీలు చివర జీపు ఒడ్డుకొస్తుంది. ఇసకలో కూర్చున్న ఒక ముసలావిడ వీపు కనిపిస్తుంది. ప్రింటులో ఉన్నది అంతవరకే. డిస్కులో ఆ తర్వాత ఆవిడ లేచి తిరిగింది. తెరంతా ఆ ముఖమే. నన్ను పక్కకు జరగమని కసిరిన చేపల ముసలమ్మ! సినిమావాళ్లు ఆ ఊరి దరినే షూటింగు చేసి, ఆ ఊరి మనిషినే నిలబెట్టారన్నమాట.

ఆ డిస్కు ఎక్కడిదంటే, అసలుది ఆ ఊరివాడే, ఓడ మీద పనిచేసే కుర్రాడు తెచ్చాడని, తాము దానికి నకళ్లు తీశామని కొట్టతను చెప్పాడు. నకళ్ల నేరం పోలీసుల పరిధి, నాది కాదు. నాకు కావలసింది ఓడ కుర్రాడు. ఉద్దానమనే ఈ తీరప్రాంతంలో ఓడల మీద పనికెళ్లేవాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. ఇతని పేరు తాతారావు. సెలవు మీద ఇంటి దగ్గరే ఉన్నాడు.

మర్నాడు వెళ్లి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. వాళ్ల ఓడ చైనాలో ఒక రేవులో సరుకు దింపుతుంటే, ఇతను బజారుకు వెళ్లాడట.

“మన పలాస సంత నాగే ఉంటాది సార్. నేల మీద గంపలు, గంపల నిండా డిస్కులు, ఎండుసేపలు పోసినట్టు పోసీసినారు. మా ఓడలో ఒక సైనావోడున్నాడు. ఇయి మా దేసంలో ఆపీసిన సినిమాలు అని సూపించినాడు. ఆపీసినవయితే ఎలాగమ్ముతన్నార్రా అంటే నవ్వినాడు. పోలీసొత్తే గోనె కప్పుతాడు, ఎల్తే తీసీత్తాడు. అంతే.”

“మన సినిమాను ఎలా గుర్తుపట్టావు?”

“బొమ్మ మీద మా పోలమ్మత్త ఉంది సార్! అట్ట నిండా సైనా అచ్చరాలు, మద్దిన మా అత్త! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ గంప కాడే కూలబడిపోనాను.”

సెన్సారు తీసేసిన ముక్క అది. హాళ్లకు పంపిన ఏ ప్రింటులోనూ లేని ముక్క. ఎవరి చేతుల్లోంచి, ఎన్ని సముద్రాలు దాటి వెళ్లిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తమ దేశంలో నిషేధించిన సినిమాలు పోసిన గంపలో, మన దగ్గర కత్తిరించిన నాలుగు నిమిషాలను వాళ్లు అమ్ముతున్నారు. అది భావనపాడు పక్క ఊరికే తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ కాగితమూ అంత సరిగ్గా చేరవలసిన చిరునామాకు చేరగా నేను చూడలేదు.

ఆశ్చర్యం ఆశ్చర్యమే, అనుమానం అనుమానమే. కూర్మారావు మ్యాట్నీలో ఈ డిస్కే వేస్తున్నాడా, ఏదైనా వీడియో యంత్రం తెచ్చాడా అని నిలదీశాను. తాతారావు పకపకా నవ్వి, “మాట్నీ సూసినారా సార్?” అన్నాడు. లేదన్నాను. “అన్నీ సూసి బొమ్మే సూడనేదేటండి?” అన్నాడు. వాడన్నది నిజం. హాలంతా తనిఖీ చేసిన నేను ఒక్క టిక్కెట్టు కొని కూర్చోలేదు.

కేబిన్ సీలు ఆ పూటే తీయించాను. మధ్యాహ్నం టిక్కెట్టు కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నాను. ఆ ఊళ్లో మ్యాట్నీయే పెద్ద ఆట. మగవాళ్లు తెల్లారకముందే వేటకు వెళ్లి పదకొండింటికల్లా దరి చేరతారు. ఆడవాళ్లు చేపలమ్మి వస్తారు. అన్నాలు తిని అందరూ హాలుకు వస్తారు. తలుపులకు నల్లగుడ్డ కట్టి, రేకుల కింద అంత ఉక్కలో, నేల మీద ఇసకలో ఆడా మగా రెండొందల మందికి తక్కువ లేరు.

అది ఒక్క మెషిన్ హాలు, అంటే ఒక్కటే ప్రొజెక్టరు. పట్నం హాళ్లలో రెండు మెషిన్లుంటాయి. ఒకదాని మీద రీలు అయిపోతుండగానే రెండోది అందుకుంటుంది కాబట్టి చూసేవాడికి తెలియదు. ఇక్కడ రీలు అయిపోగానే తెర తెల్లబోతుంది. తెర పక్కన బల్బు వెలుగుతుంది. ఆపరేటరు పాత రీలు తీసి కొత్త రీలు ఎక్కించేదాకా జనం బీడీలు కాలుస్తూ కూర్చుంటారు. నేను అలవాటుకొద్దీ ప్రతి విరామాన్నీ వాచీతో కొలిచి రాసుకున్నాను. ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు పడుతోంది.

పదకొండో రీలు చివర జీపు ఆగింది. ముసలావిడ వీపు కనిపించింది. రీలు అయిపోయింది, తెర తెల్లబడింది, బల్బు వెలిగింది. అప్పుడు నా ముందు వరసలో ఒక్కరు కూడా బీడీ వెలిగించలేదు. పిల్లల అల్లరి కూడా ఆగిపోయింది. నేల తరగతిలో పోలమ్మ గంప పక్కన పెట్టి లేచి నిలబడింది. జనం వైపు తిరిగింది.

“కాయితం తెచ్చినావు బావూ. బాగుంది. సదువు. నాకు సదువు రాదు గానీ ఇనడం వొచ్చు” అంది.

వెనక బెంచీల్లోంచి పదిమంది మగవాళ్లు అధికారి వంతుగా ఒకే గొంతుతో, పుస్తకాల తెలుగులో, “ఈ స్థలమును తక్షణమే ఖాళీ చేయవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది” అన్నారు. నా పక్కనున్నవాడు కూడా అన్నాడు. నేను రోజూ రాసే వాక్యమే అది.

“ఈ ఇసక మీద నాను ఆరుగుర్ని కన్నాను బావూ. ఇద్దర్ని సంద్రం తీసీసుకుంది. ఏటకెల్లినోల్లు మరి రానేదు. ఆల్లని పాతడానికి నిన్ను జాగా అడగనేదు. కాల్సడానికి కట్టెలడగనేదు. ఈ దరే ఆల్లకి ఇల్లు...” అంటూ ఆగిపోయింది. మాట మరిచిపోయింది. ఆడవాళ్లంతా నెమ్మదిగా, “ఆ ఇద్దరి పేర్లు” అని అందించారు. ఆవిడ అందుకుంది. “ఆ ఇద్దరి పేర్లు నీ కాయితంలో ఉన్నాయేటి? సూసి సెప్పు. ఉంటే నానిప్పుడే లెగిసి ఎల్లిపోతాను.”

ఎవరూ జవాబివ్వలేదు. ఇవ్వవలసిన అధికారి అక్కడ నేనొక్కణ్నే.

“నేవు గదా? మరయితే జీపు ఎనక్కి తిప్పు బావూ. సక్రాల కింద మా వలలున్నాయి.”

ఆ మాటతో బల్బు ఆరింది. మెషిన్ మొదలైంది. తెర మీద జీపు వెనక్కి తిరుగుతోంది. పోలమ్మ కూర్చుని గంప దగ్గరకు లాక్కుంది. వాచీ చూశాను. సరిగ్గా నాలుగు నిమిషాలు. సర్టిఫికెట్లో రాసిన నూటపది మీటర్లూ ఆ మనుషుల నోళ్లలో ఉన్నాయి. నేను రెండు రోజులుగా జీడిపిక్కల బస్తాల్లో వెతుకుతున్నది ఇదా అనుకున్నాను. మిగిలిన సినిమా ఏమైందో నాకు గుర్తు లేదు.

ఆట వదిలాక పోలమ్మ దగ్గరకు వెళ్లి, ఆ మాటలు ఎవరు రాసిచ్చారని అడిగాను.

“రాయడవేటి? నీ ఊరు కాళీ సెయ్యమంటే ఏటంటావో అదే అనవే అన్నాడా డైరెట్రు. అన్నాను. ఒక్కపాలే అన్నాను, ఇంటికెల్లి కూడొండుకున్నాను. ఏటన్నానో మర్సిపోనాను. మా తాతారావు ఆ డిస్కు అట్టుకొచ్చినాక ఊరందరూ నేర్సుకున్నారు, నానూ నేర్సుకున్నాను. నా మాట నాకు సైనా నుంచొచ్చింది సూడు!”

“మరి హాల్లో లేచి చెప్పడమెందుకు?”

“బొమ్మొచ్చిందని ఊరంతా ఎల్లినామా, జీపొచ్చింది. లైటేసీసినారు. మల్లీ బొమ్మేత్తే జీపెల్లిపోతంది. నానేటీ అనకుండా ఎలాగెల్తాది? సూసినోల్లకి అర్తమవద్దేటి? అందుకు సెప్పినాను.” నా ముఖం చూసి, “నా మాట నాను సెప్పుకోడానికి లైసెన్సు కావాలేటి బావూ?” అంది.

రూలు పుస్తకం ఆ రాత్రి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాను. తెర మీద ఏది వేయకూడదో ఉంది. తెర ఖాళీగా ఉన్నప్పుడు ప్రేక్షకులు ఏం మాట్లాడకూడదో ఎక్కడా లేదు. నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను. రీళ్ల పొడవు సర్టిఫికెట్‌తో సరిపోయింది, అతుకులు లేవు, ఇంటర్‌పోలేషన్ జరగలేదు. పదకొండో రీలుకీ పన్నెండో రీలుకీ మధ్య ప్రేక్షకులు తమలో తాము మాట్లాడుకున్నారు, అర్జీదారు విన్నది ఆ మాటలే, ఆయన అబద్ధం చెప్పలేదు. విరామాల పట్టిక జతచేశాను. చివర ‘ఇవ్వవచ్చును’ అని రాశాను.

ఆర్డీవో గారు పట్టికంతా చూసి, ఒక్క అంకె మీద వేలు పెట్టారు. అన్ని విరామాలూ రెండున్నర అయితే ఇదొక్కటీ నాలుగెందుకైందని అడిగారు. రీలు మార్చడానికి ఇంత వ్యవధి అని నిబంధనల్లో పరిమితి లేదు సార్ అన్నాను. ఆయన సంతకం పెట్టి, రెండో ప్రొజెక్టరు దరఖాస్తు కూడా ఎన్నాళ్లుగానో పడి ఉందని దాన్నీ మంజూరు చేశారు.

రెండు ఉత్తర్వులూ నేనే పట్టుకెళ్లాను. వెతికించినందుకు, సీలు వేసినందుకు క్షమాపణ చెప్పాలని దారి పొడవునా మాటలు కూడగట్టుకున్నాను. కూర్మారావు భార్య గుమ్మంలో ఉంటే ముందు ఆవిడకే చెప్పాను. కూర్మారావు రెన్యువల్ కాగితం కళ్లకద్దుకున్నాడు. రెండోది చదివించుకుని, మడతపెట్టి నా చేతిలోనే పెట్టేశాడు. ఏళ్ల తరబడి అడిగిన మెషిన్ కదా, ఇప్పుడెందుకు వద్దంటున్నావని అడిగాను.

“రెండో మెసినొచ్చిందంటే మద్దిన కాళీ ఉండదు బాబూ. మరి పోలమ్మ ఎప్పుడు లెగుత్తాది?” అన్నాడు.

దరఖాస్తుదారు కోరిక మేరకు ఉపసంహరణ అని ఫైల్లో రాశాను. కారణం గడి ఖాళీగా వదిలాను. నా సర్వీసులో ఖాళీగా వదిలిన గడి అదొక్కటే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ హాలు తనిఖీకి వెళ్లినా ముందు టిక్కెట్టు కొని జనం మధ్య కూర్చుని ఒక ఆట పూర్తిగా చూశాను. రీళ్లు ఆ తర్వాతే కొలిచాను.